శత్రువునకు దొరకని పేరు

ఉరుము ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొమ్మని మన అమ్మమ్మలు చెప్పుట మనలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ పది పేర్ల వెనుక విరాటపర్వములోని యొక ఘట్టము కలదు. ఏడాదిపాటు బృహన్నల వేషమున అజ్ఞాతవాసము చేసిన అర్జునుడు, కౌరవసేన గోవులను తోలుకొని పోవుచుండగా, శమీవృక్షము చెంత భయపడి నిలిచిన ఉత్తరకుమారునకు తాను ఎవరో చెప్పెను. ఉత్తరుడు నమ్మక నిదర్శనము కోరగా తన పది పేర్లను, వాని కారణములను వివరించెను. కీచకుని చావు వార్త విన్ననాటి నుండియే కౌరవులకు అనుమానము కలిగినది. ఐనను వారు వచ్చి చూచునప్పటికి గడువు తీరినది. అర్జునుని పేరును శత్రువు బయటపెట్టలేదు. సమయము చూచి అర్జునుడే చెప్పెను.

నేటి మన పిల్లలు మక్కువతో చదువు అమెరికా దేశపు బొమ్మల కథలలోను ఈ అజ్ఞాతవాసమే మరియొక రూపమున కనిపించును. పగలు సామాన్యుడుగా తిరుగువాడు ముసుగు ధరించినంతనే మహావీరుడగును. అతనికి గల పెద్ద భయము ఆయుధములను గూర్చి కాదు. తన అసలు పేరు శత్రువునకు తెలియునేమో యని. 1966లో వెలువడిన స్పైడర్‌మాన్ సంచిక యొకదానిలో, గ్రీన్ గోబ్లిన్ అను పగవాడు వీరుని రహస్యముగా వెన్నంటి వచ్చి, అతడు పీటర్ పార్కర్ అను విద్యార్థియని కనుగొనెను. ఆ కథలలో మిక్కిలి పేరు పొందిన ఘట్టములలో అది యొకటి.

పురాణములోను, బొమ్మల కథలోను వీరుడు చివరకు బయటపడును. చరిత్రలో అట్లు జరుగునను నమ్మకము లేదు. ముసుగును శత్రువు లాగివేసిన పిదప ఏమగును? ఆ శత్రువే ఆ ముసుగును తాను ధరించినచో ఏమగును? ఈ ప్రశ్నలకు రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఒక భారతీయ సంతతి యువతి జీవితము సమాధానము చెప్పుచున్నది. ఆమె పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

ఆమె కథకు మన హైదరాబాదుతో ఒక సంబంధము కలదు. నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో సంగీత విద్వాంసుల ఇంట జన్మించెను. ఆ కుటుంబము తల్లివైపున టిప్పు సుల్తాను వంశమునకు చెందినదని వారి ఇంటివారు చెప్పుకొనెడివారు. యౌవనమున ఆయన హైదరాబాదు చేరి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ సమక్షమున వీణ వాయించి సత్కారము పొందెను. ఆ నగరముననే సయ్యద్ అబూ హాషిం మదనీ అను చిష్తీ గురువు ఆయనకు సూఫీ దీక్ష నిచ్చెను. తన సంగీతముతో తూర్పు పడమరలను కలుపుమని గురువు ఆనతిచ్చెనని ఆయన చెప్పుకొనెను. ఆ మాట మీదనే 1910 సెప్టెంబరు 13వ తేదీన ఆయన బొంబాయి రేవు విడిచి పశ్చిమమునకు పయనమయ్యెను. ఈ తేదీని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

అమెరికాలో ఆయన ఓరా రే బేకర్ అను యువతిని కలిసికొనెను. వివాహానంతరము ఆమె అమీనా బేగము అను పేరు స్వీకరించెను. వారి నలుగురు బిడ్డలలో పెద్దది నూరున్నీసా. ఆమె 1914 జనవరి 1న మాస్కోలో జన్మించెను. కుటుంబము కొంతకాలము లండనులో నివసించి, 1920లో ఫ్రాన్సు చేరెను. పారిసు చెంతనున్న సురేన్ అను ఊరిలో ఫజల్ మంజిల్ అను ఇల్లు వారి నివాసమయ్యెను. ఇనాయత్ ఖాన్ 1927 ఫిబ్రవరిలో ఢిల్లీలో పరమపదించెను. నిజాముద్దీను పేటలోని ఆయన దర్గా, ఢిల్లీలో ఉద్యోగము చేసిన మనవారిలో పలువురు చూచినదే. అప్పటికి నూర్‌కు పదమూడేండ్లు. తల్లి దుఃఖమున మునిగియుండగా ఇంటిభారము చాలవరకు ఆ బాలికపై పడెను.

ఆమె శాంతస్వభావము గలది; కొంత బిడియస్థురాలు. పారిసులో బాలల మనస్తత్వశాస్త్రమును, నాడియా బూలాంజే యను ప్రసిద్ధ గురువు కడ సంగీతమును అభ్యసించెను. పిల్లలకు కథలు వ్రాసెను. బుద్ధుని పూర్వజన్మ కథలలో ఇరువదింటిని ఎంచి ఆమె ఆంగ్లమున తిరిగి చెప్పిన జాతక కథల సంపుటము 1939లో లండనులో అచ్చయ్యెను. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రాతిపై చెక్కిన జాతకములను ఆమె ఫ్రాన్సు పిల్లల వయసువారికి తగినట్లు చెప్పెను. ఆ సంపుటములో వానరరాజు కథ యొకటి కలదు. తన పరివారము ప్రమాదము దాటుటకు ఆ రాజు తన దేహమునే వంతెన చేయును. అందరును దాటిన పిదప ప్రాణము విడుచును. ఆ కథ వ్రాసిన చేతికి నాలుగేండ్లలో ఏ పని రానున్నదో ఆనాడు ఎవరికి తెలియును?

1940 జూనులో జర్మను సేనలు పారిసును ఆక్రమించుటతో కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అహింసను నమ్మిన తండ్రి బిడ్డలు యుద్ధమున పాల్గొనుట తగునా యను ప్రశ్న ఆమెను, తమ్ముడు విలాయత్‌ను బాధించెను. చేతులు ముడుచుకొని కూర్చుండుట కూడ పాపమే యని వారు తీర్మానించుకొనిరి. 1940 నవంబరులో నూర్ స్త్రీల సహాయక వైమానిక దళమున చేరి వైర్‌లెస్ పని నేర్చుకొనెను. ఉన్నత పదవికై జరిగిన పరీక్షలో, యుద్ధము ముగిసిన పిదప భారత స్వాతంత్ర్యమునకే తన మద్దతని అధికారులతో నిర్భయముగా చెప్పెనని ఆమె జీవిత చరిత్రకారులు వ్రాసియున్నారు. బ్రిటిషు సామ్రాజ్యముపై ప్రేమ ఆమెను కదిలించలేదు. నాజీల క్రౌర్యమును సహింపలేకయే ఆమె ముందుకు వచ్చెను.

ఫ్రెంచి భాష మాతృభాషవలె మాటాడుచు, వైర్‌లెస్ తెలిసిన మనుష్యులు బ్రిటిషు రహస్య సంస్థయగు స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్‌నకు ఎంతయో అవసరమైయుండిరి. 1942 చివర ఆ సంస్థ ఆమెను పిలిచెను. పట్టుబడినచో సైనికులకు గల రక్షణ ఉండదని, మరణమే సంభవింపవచ్చునని ముందే చెప్పిరి. ఆమె వెంటనే ఒప్పుకొనెను. శిక్షకులలో కొందరు ఆమె ఈ పనికి తగదని వ్రాసిరి. అబద్ధమాడుట ఆమెకు చేతకాదు. ఉత్తుత్తి విచారణలో సైతము వణకిపోయెను. కాని సంస్థలోని ఫ్రెంచి విభాగాధిపతి మోరిస్ బక్‌మాస్టర్ ఆమెనే పంపుటకు నిశ్చయించెను.

1943 జూన్ 16వ తేదీ రాత్రి లైశాండర్ అను చిన్న విమానము వెన్నెలలో ఆమెను ఫ్రాన్సులోని ఆంజే పట్టణ సమీపమున దింపెను. ఆక్రమిత ఫ్రాన్సునకు ఆ సంస్థ పంపిన మొదటి స్త్రీ వైర్‌లెస్ ఉద్యోగిని ఆమెయే. సంస్థలో ఆమెకు రహస్యనామము మదలెన్. లోకమునకు ఆమె జాన్ మరీ రెన్యే, పసిపిల్లల దాది. ఇట్లు ఒక మనిషికి మూడు పేర్లు అమరెను.

ఆ పని ఎట్టిదో చెప్పక తప్పదు. సుమారు 30 పౌనుల యంత్రము ఒక పెట్టెలో నుండును. దాని ఆకాశతీగను కిటికీనుండియో, చెట్టుకొమ్మమీదుగానో వ్రేలాడదీసి, సంకేత భాషలో వార్త పంపవలెను. ఎక్కువసేపు ఒక్కచోట నుండి పంపినచో, దిక్కులు కనిపెట్టు యంత్రములు గల జర్మను వాహనములు వీధి వీధి తిరిగి ఇంటిని పట్టుకొనును. ఇట్టివారు ఆరు వారములకు మించి నిలువరని నాటి అంచనా.

ఆమె దిగిన వారము పది దినములలోనే ప్రాస్పర్ అను పెద్ద రహస్యదళము కూలిపోయెను. దాని నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్ జూన్ 24న పట్టుబడెను. పారిసులోని వైర్‌లెస్ వారు ఒక్కరొక్కరే చిక్కిరి. తిరిగి రమ్మని లండను నుండి కబురు వచ్చెను. తాను పోయినచో పారిసు నుండి మాట పలుకుటకు మరెవ్వరును లేరని చెప్పి ఆమె నిరాకరించెను. తరువాత మూడు మాసములకు పైగా ఆమె ఇల్లు మార్చుచు, జుట్టు రంగు మార్చుచు, యంత్రపు పెట్టెను మోసుకొని తిరిగెను.

ఇందులో ఒక విచిత్రము గమనింపదగినది. బొమ్మల కథలోని వీరుడు ముఖము కప్పుకొనును. నూర్‌కు ఆ వీలు లేదు. ఆమె దాగవలసిన నగరము తాను పెరిగిన నగరమే. సురేన్ వీధులలో పసితనము నుండి ఆమెను ఎరిగినవారుండిరి. ఐనను ఆమె ఆ పాత స్నేహితుల ఇండ్లకే పోయి యంత్రము పెట్టుకొనెను. శిక్షణ ప్రకారము అది తగని పని. కాని ఆ స్నేహితులలో ఒక్కరును ఆమెను పట్టి యీయలేదు. అసలు పేరు ఎరిగినవారు దానిని కాపాడిరి. మదలెన్ అను మారుపేరు మాత్రమే ఎరిగిన వర్గములనుండి ద్రోహము వచ్చెను. డబ్బు కాశపడి ఆమె చిరునామాను ఎవరో అమ్మిరి. యుద్ధానంతరము ఈ నేరముపై విచారింపబడిన వ్యక్తిని 1949లో న్యాయస్థానము నిర్దోషిగా విడిచెను గాన, ఆ పాపము ఎవరిదని మనము తేల్చుట తగదు.

1943 అక్టోబరు నడుమ ఆమె తన గదిలో పట్టుబడెను. పట్టుకొన వచ్చినవాని చేతిని కరచి ఆమె పెనుగులాడెను. పారిసులో అవెన్యూ ఫోష్ 84వ నంబరు భవనము జర్మను భద్రతా శాఖకు కేంద్రము. అచ్చటికి తెచ్చినంతనే స్నానపు గది కిటికీనుండి పైకప్పుమీదికి పోజూచి మరల చిక్కెను. అబద్ధమాడలేదని, విచారణ యనిన వణకునని శిక్షకులు వ్రాసిన ఆ యువతి, నిజమైన విచారణలో తన సహచరుల గుట్టు చెప్పలేదు. ఆ కేంద్రాధిపతి కీఫర్ యుద్ధానంతరము ఈ సంగతిని ఒప్పుకొనెను.

కాని ఆమె చేసిన ఒక తప్పును దాచి చరిత్ర వ్రాయరాదు. తాను పంపిన సందేశములన్నింటి ప్రతులను ఆమె ఒక పుస్తకములో భద్రపరచియుండెను. ఆజ్ఞాపత్రములోని యొక మాటను ఆమె అపార్థము చేసికొనెనని కొందరి అభిప్రాయము. కారణమేదైనను ఆ పుస్తకము, యంత్రము రెండును శత్రువు చేత చిక్కెను. జర్మనులు ఆ ప్రతులను చూచి ఆమె పద్ధతిని నేర్చుకొనిరి. మదలెన్ పేరిట లండనునకు వార్తలు పంపసాగిరి. వీరుని ముసుగు తొలగించుట శత్రువు చేయగల కీడులలో పెద్దది కాదు. ఆ ముసుగును తాను ధరించి వీరుని మిత్రులను పిలుచుట అంతకంటె ఘోరము.

మదలెన్ ప్రమాదమున నున్నదను వార్త సోన్యా అను పేరిట ఆ అక్టోబరులోనే లండను చేరినది. ఆ సోన్యా ఎవరో ఎరుగక అధికారులు దానిని లెక్కింపలేదు. 1944 ఫిబ్రవరి చివర, ఆ దొంగ వార్తలను నమ్మి పంపిన ముగ్గురు విమానము నుండి గొడుగులతో దిగగా, వారిని ఎదుర్కొన్నవారు జర్మనులే. ఆ ముగ్గురిలో మదలెన్ డామెర్మాన్ అను ఫ్రెంచి యువతి యుండెను. నూర్ మారుపేరు ఆమెకు నిజమైన పేరు. ఈ ఇద్దరు మదలెన్‌ల కథ మరల ఒకచోట కలియును.

నవంబరు చివర నూర్ మరి యిద్దరు ఖైదీలతో గదుల పైకప్పు అద్దపు కిటికీల చువ్వలు సడలించి తప్పించుకొనెను. అదే సమయమున విమానదాడి హెచ్చరిక మ్రోగి గదులను తనిఖీ చేయుటచే మరల దొరకిరి. ఇక పారిపోనని వ్రాసి యిమ్మని కీఫర్ అడుగగా ఆమె సంతకము చేయలేదు. అందుచే ఆమెను జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ చెరసాలకు పంపిరి. అచ్చట సుమారు పది నెలలు కాలుసేతులకు సంకెళ్ళతో ఏకాంతమున నుంచిరి. అట్టి ఖైదీలను గూర్చి లోకమునకు ఏ వార్తయు పోరాదని శాసనము. చీకటి పొగమంచులలో కలిపివేయుట యని దానికి వారిచ్చిన పేరు.

విచారణలో తన పేరేమని జర్మనులు అడుగగా ఆమె చెప్పినది నోరా బేకర్ అని. బేకర్ తల్లి పుట్టింటి పేరు. జాన్ మరీ రెన్యే అబద్ధమని శత్రువునకు తెలిసినది. మదలెన్ గుట్టు రట్టయినది. ఆ రెండు పొరల క్రింద మూడవ పొర యుండెనని మాత్రము వారు ఊహింపలేదు. ఆమె భారతీయుని కూతురని, సూఫీ గురువు బిడ్డయని, జాతక కథలు వ్రాసినదని వారికి తెలియలేదు. ఫోర్జ్‌హైమ్‌లో ఆమె అన్నపు గిన్నె అడుగున గీకి సాటి ఖైదీలకు అందజేసినది కూడ నోరా బేకర్ అను పేరే, లండను చిరునామాతో.

1944 సెప్టెంబరు 13వ తేదీ తెల్లవారుజామున డాఖౌ నిర్బంధ శిబిరమున నూర్‌ను, మరి ముగ్గురు స్త్రీలను కాల్చి చంపిరి. యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్, మదలెన్ డామెర్మాన్ ఆ ముగ్గురు. మదలెన్ పేరిట వచ్చిన దొంగ పిలుపునకు బలియైన ఆమెయు, ఆ పేరును మోసిన నూరును ఒకే ఉదయమున నేలకు ఒరిగిరి. ముప్పది నాలుగేండ్ల క్రితము అదే తేదీన ఆమె తండ్రి భారతదేశపు తీరమును విడిచెను.

దాచిన పేరు శత్రువునే కాదు, మిత్రులనుకూడ త్రోవ తప్పించెను. యుద్ధానంతరము తప్పిపోయినవారి జాడకై వెదకిన వేరా ఆట్కిన్స్ అను అధికారిణి, 1944 జూలైలో నాట్స్‌వైలర్ శిబిరమున చంపబడిన నలుగురు స్త్రీలలో గుర్తు తెలియని యొకతెను నూర్‌గా భావించెను. నోరా బేకర్ అను పేరుగల ఖైదీని ఫోర్జ్‌హైమ్‌లో ఎరిగినవారి సాక్ష్యము వలన 1947 నాటికి నిజము తేలినది. నాట్స్‌వైలర్‌లో మరణించినది సోన్యా ఓల్షనెజ్కీ. మదలెన్ ప్రమాదమున నున్నదని హెచ్చరించిన సోన్యా ఆమెయే. హెచ్చరించినప్పుడు ఆమె పేరును గుర్తింపనివారు, మరణించిన పిదపను ఆమె పేరును ఆమెకు ఈయలేదు. గుప్తవీరుల కథలలో తరచు మరచిపోబడువారు ఇట్టివారే.

నూర్‌కు 1946లో ఫ్రాన్సు క్రోయ్ ద గేర్‌ను, 1949 ఏప్రిల్‌లో బ్రిటను జార్జి క్రాసును ఇచ్చెను. 2012 నవంబరులో లండను గోర్డన్ స్క్వేర్ ఉద్యానమున ఆమె అర్ధప్రతిమను ప్రతిష్ఠించిరి. గిన్నె అడుగున ఆమె వ్రాసిన చిరునామాలోని టావిటన్ వీధి ఇంటికి 2020లో స్మారక ఫలకము అమర్చిరి. ఆ ఫలకముపైనున్నది నోరా బేకర్ కాదు, మదలెన్ ఒక్కటియే కాదు. నూర్ ఇనాయత్ ఖాన్ అను పూర్తి పేరు. నూర్ అనగా వెలుగు.

అర్జునుడు తన పది పేర్లను తానే చెప్పుకొనగలిగెను. అతని గడువు తీరినది. నూర్ గడువు తీరకముందే శత్రువు తలుపు తట్టెను. వేషము పోయినది, యంత్రము పోయినది, మారుపేరు సైతము శత్రువునకు పనిముట్టైనది. మిగిలినది ఒక్క పేరు. దానిని ఆమె పట్టుకొని నిలిచెను, మనకు అప్పగించెను. మన పిల్లలు ముసుగువీరుల పుస్తకము తెరచి, శత్రువునకు వీరుని పేరు తెలిసిపోయినదే, ఇక ఏమగునని ఆత్రముతో అడుగునప్పుడు, పెద్దలు ఒక్క నిమిషము ఆ పుస్తకమును ప్రక్కనుంచి ఈ కథ చెప్పవచ్చును. ఉరుము ఉరిమినప్పుడు తలచుకొను పేర్లలో ఇంకొకటి చేరినను దోషము లేదు.